గోడ మీద లేని చిమ్మట

నేను ఇప్పటిదాకా ఆరు వందల రకాల చిమ్మటల్ని చూశాను.

ఆరు వందలు కాదు లెండి, నాలుగు వందలు. అదీ మా ఆవిడ పక్కన లేనప్పుడు. ఆవిడ వింటూ ఉంటే మూడు వందల దగ్గర ఆగుతాను. మా నోటుపుస్తకంలో నా పేరుకి ఎదురుగా రాసినవి మాత్రం నూట ఎనభై ఆరు. వాటిలో ఈ రోజుకి నిలిచినవి నూట యాభై అయిదు, ఒక రెక్క. తక్కిన ముప్ఫై ఒకటి ఎలా పోయాయో చెబుదామని కూర్చున్నాను. కూర్చున్నాను అన్నది కూడా అబద్ధమే. నాకు కూర్చోవడం చేతకాదు. నాలుగు వాక్యాలు రాయడం, లేచి బాల్కనీలోకి వెళ్ళడం, ట్యూబులైటు చుట్టూ ఏం తిరుగుతున్నాయో చూడడం, మళ్ళీ రావడం. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, కడుపులో బాగాలేదా అని.

బెజవాడ వన్‌టౌన్‌లో నలభై ఏళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషిని. మాది పెడన వైపు మగ్గాల ఇల్లు. మా నాన్న నేశాడు, నేను అమ్మాను. మా ఇంట్లో చిమ్మట అంటే శత్రువు. మడత విప్పిన పట్టుచీరలో ఆవగింజంత బెజ్జం కనబడిందంటే ఆ పూట ఎవరికీ అన్నం సరిగ్గా దిగేది కాదు. నేను జన్మలో కొన్న కలరా ఉండల్ని ఒకచోట పోస్తే ఇంద్రకీలాద్రి అంత అవుతాయి. పోనీ గుణదల కొండంత. సరే, రెండు గోతాలు. అలాంటివాణ్ణి ఇప్పుడు తెల్లారకముందే లేచి, ఊళ్ళో గోడలన్నీ వెతుక్కుంటూ తిరుగుతున్నాను.

కొట్టు అల్లుడికి అప్పజెప్పబోయే ముందు ఎండాకాలం. దీపాలు పెట్టే వేళ. తెల్ల లాంగ్‌క్లాత్ తాను విప్పి ఉంది. బయటినుంచి బొటనవేలంత పురుగు ఒకటి దూసుకొచ్చి దాని మీద పడింది. నల్లటి ఒళ్ళు, పొట్ట మీద పసుపు చారలు, వీపు మీద పుర్రె లాంటి గుర్తు. భుజం మీది తువ్వాలుతో ఒక దెబ్బ వేశాను, తగల్లేదు. గుప్పిట్లో పట్టేశాను. అది అరిచింది.

పురుగు అరవడం మీరు విన్నారో లేదో. ఎలకపిల్ల తోక తలుపు సందులో పడితే ఎలా ఉంటుందో అలా. నా గుమాస్తా నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, బీరువా వెనక్కి వెళ్ళిపోయి, "దయ్యప్పురుగండీ షావుకారు గారూ, వదిలెయ్యండి బాబూ!" అన్నాడు. గుప్పిలి విప్పాను. అది నా మణికట్టు మీదికి నడిచి, ఇంకోసారి అరిచి, వీధిలోకి ఎగిరిపోయింది. ఆ కిచకిచ నా అరచేతిలో నెలరోజులు ఉండిపోయింది. నెల కాదు, రెండు రోజులు. కానీ ఆ రెండు రోజులూ ఎవరూ చూడకుండా చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నమాట నిజం.

ఆ వారంలోనే ఒకావిడ కొట్టుకి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, భుజానికి గుడ్డసంచీ.

"తెల్లబట్ట కావాలండీ. పన్నా పెద్దదుండాలి. పాలిస్టరు అస్సలు కలవకూడదు."

"దుప్పటికా అమ్మా?"

"కాదండీ. పురుగులకి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "సాయంత్రం బట్ట కట్టి, దాని ముందు లైటు పెడతామండీ. వచ్చి వాల్తాయి. పాలిస్టరైతే వాటికి కాళ్ళు జారతాయి. ముతకదైతే పట్టు దొరుకుతుంది" అంది.

ఒంటికి ఎలా ఉంటుంది, ఉతికితే ఎలా ఉంటుంది అని అడిగినవాళ్ళని నలభై ఏళ్ళుగా చూశాను. పురుగు కాలికి ఎలా ఉంటుందని అడిగిన మనిషి ఆవిడొక్కతే. పెడన నుంచి వచ్చిన ముతక నేత తాను తీసి, ఒక కొస ఆవిడ చేతికిచ్చాను. వేళ్ళతో కాదు, గోటితో గీరి చూసింది. అప్పుడు చెప్పాను, నా అరిచిన పురుగు గురించి.

ఆవిడ ఫోనులో బొమ్మ చూపించింది. అదే. పుర్రె చిమ్మట. నువ్వుల చేలల్లో దాని గొంగళి పెరుగుతుందట, గట్టిగా అరిచేది అదొక్కటేనట. సంచీలోంచి నోటుపుస్తకం తీసి, "ఫోటో ఉందాండీ?" అంది.

నా కుడి చెయ్యి ఎత్తి చూపించాను. ఆ చెయ్యి అప్పటికే మూడేళ్ళుగా వణుకుతోంది. ఆ చేత్తో టీ తాగితే సగం సాసర్లోనే. ఫోటో తీస్తే ఒక్క పురుగు అయిదు పురుగులవుతుంది. ఆవిడ ఆ చేతిని కాసేపు చూసి, నా గల్లాపెట్టె మీద స్కేలు తీసుకుని, పుస్తకంలో "ఫోటో" అన్న గడి పక్కన ఇంకో గడి గీసింది. పైన "కంటితో" అని రాసింది.

"మీరు చూశారు. చాలండీ."

ఆ విధంగా, గోటితో గుడ్డ గీరి చూసే ఆ లెక్చరరమ్మ నన్ను తన గుంపులో చేర్చుకుంది. గుణదలలో ఇల్లు, ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ. ఆదివారాల్లో వచ్చే అయిదారుగురికి ఆవిడే పెద్ద. మా డెల్టాలోనూ, అంచున ఉన్న అడవుల్లోనూ ఏయే చిమ్మటలున్నాయో జాబితా తయారు చెయ్యడం ఆవిడ పని. ఆరేళ్ళ ఆదివారాలు ఆ పుస్తకంలో ఉన్నాయి. అది ఒక పత్రికలో అచ్చయితే ఆవిడ చదువుకీ, ఉద్యోగానికీ కూడా ఆసరా. "ఒక్కటి తప్పని తేలితే మిగతావేవీ ఎవరూ నమ్మరు బాబాయి గారూ" అని మొదటి రోజే చెప్పింది. అందుకే అందరికీ ఒకటే సూత్రం: ఫోటో లేకపోతే పురుగు లేనట్టే. నాకు మాత్రం "కంటితో" గడి. ఆ గడిలో వేరే ఎవరి పేరూ ఉండేది కాదు.

మా పద్ధతి గురించి ఒక మాట. రాత్రుళ్ళు అడవిలో ఉండడానికి మాకు అనుమతి ఉండదు, ఆడవాళ్ళకి ఇంటి దగ్గర వీలుండదు. అందుకని గోడలు చదువుతాం. తెల్లవార్లూ లైటు వెలిగిన గోడ ఎక్కడుంటే అక్కడికి చీకటితోనే చేరుకుంటాం. పెట్రోలు బంకులు, బస్టాండు మరుగుదొడ్లు, టోల్‌గేటు గదులు, అడవి అంచున చెక్‌పోస్టు. రాత్రి వచ్చిన చిమ్మటలు అప్పటికి మత్తుగా గోడకి అంటుకుని ఉంటాయి. వెలుతురు రాగానే గోరింకలు దిగుతాయి. చీపురు పట్టుకున్న మనిషి వస్తుంది. వాళ్ళకంటే ముందు మేం చదివెయ్యాలి. ఇరవై నిమిషాల పని. నాకు సరిగ్గా సరిపోయిన చదువు అదే, నిలబడి చదివేది.

మమ్మల్ని తిప్పేది ఒక కూరగాయల వ్యాను ఆయన. వారమంతా మైలవరం వైపు నుంచి బెండకాయలు, దోసకాయలు మార్కెట్టుకి తెస్తాడు. ఆదివారం మమ్మల్ని తీసుకెళ్తాడు. వ్యానంతా కొత్తిమీర వాసన. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, కళ్ళు మాత్రం పాతికేళ్ళవాడివి. నేను వేలు చూపిస్తే ఫోటో తీసేది అతనే. నూట యాభై అయిదూ అతని ఫోటోలే. నోరు మాత్రం ఊరుకోదు.

ఇప్పుడు అసలు సంగతి. శ్రావణ మాసం. రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన తెల్లవారుజాము. మైలవరం దారిలో రిజర్వు ఫారెస్టు చెక్‌పోస్టు. ఒకే గది, సున్నం కొట్టిన గోడలు, ముందొక లైటు, వెనకొక లైటు. ఆ రోజు అందరికీ ఏదో ఒకటి దొరికింది. లెక్చరరమ్మకి గోరంత కొత్తది దొరికింది. వ్యాను ఆయనకైతే తన వ్యాను టైరు మీదే ఆకుపచ్చ గన్నేరు చిమ్మట కూర్చుంది. నాకు దొరికిన రెండూ పాతవే, అంతకుముందు నాలుగుసార్లు రాసినవే.

గది వెనక్కి వెళ్ళాను, ఒంటేలుకి. నా వయసులో అది వెళ్ళిన వెంటనే అయ్యే పని కాదు. మా డాక్టరు దానికో పేరు చెప్పాడు, గుర్తు పెట్టుకోదలచలేదు. అవతల హారన్ మోగింది. మళ్ళీ మోగింది. నేను రాగానే వ్యాను ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అన్నాడు:

"ఏంటండీ షావుకారు గారూ, అడవి మొత్తానికి తడి పెట్టి వస్తన్నారా?"

అందరూ నవ్వారు. లెక్చరరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు ఊగడం నేను చూశాను.

"పురుగు చూస్తూ నిలబడిపోయానయ్యా" అన్నాను.

"ఏం పురుగు బాబాయి గారూ?" పెన్ను బయటికి వచ్చేసింది.

మట్టిరంగు చిమ్మట అనుంటే సరిపోయేది. అది ఒక్క నిమిషంలో అందరూ మర్చిపోయే పురుగు. కానీ వ్యాను ఆయన ఇంకా నవ్వుతున్నాడు. "పచ్చగా ఉందమ్మా. తోకలున్నాయి" అన్నాను.

అంతకు వారం ముందే లెక్చరరమ్మ తనింట్లో నాకు ఒక పుస్తకంలో బొమ్మ చూపించింది. మూన్‌మాత్. అరచేయంత ఉంటుంది, వెన్నెల రంగు, వెనక రెక్కలకి పొడుగాటి తోకలు. నోరుండదు, ఏమీ తినదు, వారం బతుకుతుంది. "మన కొండల్లో ఉండే తీరాలండీ, దాని గొంగళి తినే గుంపెన చెట్లున్నాయి. ఆరేళ్ళ నుంచి చూస్తున్నా" అంది ఆ రోజు. అంటే ఏది చెబితే ఆవిడ గుండె ఆగుతుందో తెలిసే చెప్పాను.

చెప్పడం కూడా ఎలా చెప్పాను! బట్టలవాడి నోరు కదా. "లేత పిస్తా రంగమ్మా, కానీ రంగు అద్దినట్టు కాదు, నూలులోనే ఉన్నట్టు. అంచుకి మాత్రం మెరూన్ పోగు, ఒకే ఒక్క పోగు. మెరుపు పట్టుది కాదు, మంచి కాటన్ గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే వస్తుందే, అది." పుస్తకంలో చూసిన బొమ్మని అలా చెప్పేసరికి నేనే నమ్మేశాను.

అందరూ గది వెనక్కి పరిగెత్తారు. గోడ మీద ఏమీ లేదు. "ఎగిరిపోయిందమ్మా, హారన్‌కి బెదిరి" అన్నాను. ఆ నేరం కూడా వ్యాను మీదికే తోశాను. చూరు కింద గోడంతా పొడిగానే ఉంది, అడుగున ఒకచోట మాత్రం తడిగా ఉంది. వ్యాను ఆయన ఆ తడిని చూశాడు, నన్ను చూశాడు, వెళ్ళి వ్యాను ఎక్కాడు.

ఆవిడ రాసుకుంది. "కంటితో" అన్న గడిలో నా పేరు. తర్వాత ఇబ్రహీంపట్నంలో హోటలు దగ్గర వ్యాను ఆపించి అందరికీ తనే పెసరట్లు చెప్పింది. నాకు ఆ పూట ఆకలి చచ్చిపోయింది అని రాయాలని ఉంది. రెండు తిన్నాను. రెండోది ఉప్మాతో.

బాధ సోమవారం మొదలైంది. ఫోను చేసి, "బాబాయి గారూ, జాబితా ముందుమాటలో మీ మూన్‌మాత్ గురించి విడిగా ఒక పేరా రాశానండీ" అంది. ఆ క్షణం నుంచి నా కాలు నిలవలేదు. నాకు ఒకే ఒక ఉపాయం తోచింది. నిజం చెప్పడం కాదు. ఎలాగైనా ఆ పురుగుని నిజంగా చూసెయ్యడం. చూసేస్తే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని నా లెక్క.

అడవికి పది సార్లు వెళ్ళాను. పది కాదు, అయిదు. వ్యాను ఆయన కూరగాయలకి వెళ్ళేటప్పుడు ముందు సీట్లో ఎక్కేసేవాణ్ణి, చెక్‌పోస్టు దగ్గర దిగిపోయేవాణ్ణి. అతను తిరిగొచ్చేదాకా గుంపెన చెట్ల కింద తలెత్తుకుని తిరిగేవాణ్ణి. వాచరు కుర్చీ వేసేవాడు, కూర్చునేవాణ్ణి కాదు. వెళ్ళని రోజున ఊళ్ళో గోడలు. రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాను. ఒక పోలీసాయన ఆపి, "ఏం పోయింది పెద్దాయనా?" అన్నాడు. నా పరువు అనలేక, "చిమ్మట" అన్నాను. అతను నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు.

మా ఆవిడకి అనుమానం వచ్చింది. "ఆదివారం అడవి, బుధవారం అడవి. ఈ వయసులో అక్కడ ఎవర్నైనా పెట్టుకున్నారా ఏంటండీ?"

"పచ్చటిది. వారమే బతుకుతుంది" అన్నాను.

"అయితే మీకు బాగానే సరిపోయింది" అని గరిట కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో దోసకాయల గోతాల మధ్య వ్యాను ఆయన అడిగేవాడు: "మీ పచ్చపురుగు ఇవాళ కూడా సెలవు పెట్టిందాండీ?" నేను కిటికీ బయటికి చూసేవాణ్ణి.

దసరాకి ముందు ఆదివారం గుంపంతా కలిసి సముద్రం వైపు వెళ్ళాం, నాగాయలంక దాటి, మడ అడవుల అభయారణ్యానికి. అక్కడ నేను బావురుపిల్లిని చూశాను. అంటే, బురదలో దాని అడుగులు చూశాను. అవి కుక్కవని పడవ నడిపేవాడు అన్నాడు. ఇంజను ఆపేశాక ఎటు చూసినా మడచెట్ల వేళ్ళు, వాటి మధ్య గెంతే బురదచేపలు, నీళ్ళు వెనక్కి తీస్తున్న చప్పుడు. లెక్చరరమ్మ నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది.

"పత్రిక వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చిందండీ. అన్నీ బాగున్నాయన్నారు. మూన్‌మాత్ ఒక్కటే పట్టుకున్నారు. ఫోటో లేదు కదా, చూసిన మనిషి మాటకి మీరు పూచీ ఉంటారా అని అడిగారు."

"నువ్వేమన్నావమ్మా?"

"ఉంటానని రాశా. మీరు ఆ రంగు చెప్పిన తీరు కూడా రాశానండీ, పోగు అంచుతో సహా. దీపావళి వెళ్ళగానే చివరి జాబితా పంపెయ్యాలి."

కూర్చోలేని మనిషికి పడవ కంటే పెద్ద శిక్ష లేదు. లేవబోయాను. పడవవాడు అరిచాడు: "కూకోండి బాబూ, అందర్నీ ముంచేత్తారు!" కూర్చున్నాను. నిజం చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను. "ఆ తెల్లపిట్ట పేరేంటమ్మా?" అన్నాను. "కొంగండీ" అంది ఆవిడ, నా వైపు కాస్త వింతగా చూసి.

దీపావళికి పది రోజుల ముందు ఆదివారం, ఆ వారం గుంపుకి సెలవు, ఇక ఆఖరిసారి అనుకుని ఒక్కణ్ణే వ్యాను ఎక్కాను. చెక్‌పోస్టు గోడలు రెండూ చదివాను. ఏమీ లేదు. వెనకవైపు లైటు కింద నేల మీద చీమల బారు ఒకటి దేన్నో లాక్కుపోతోంది. వంగి చూశాను. పచ్చటి రెక్క. వెనక రెక్క ఒక్కటే, పొడుగాటి తోకతో, మధ్యలో కన్నులాంటి చుక్కతో. రాత్రి ఏ గబ్బిలమో ఒళ్ళు తినేసి రెక్క వదిలేసింది. రంగు నేను చెప్పినట్టే ఉంది. ఒక్క తేడా. నేను చెప్పిన మెరూన్ పోగు ఈ రెక్కకి లేదు. అది ఉండేది ముందు రెక్కల అంచుకి మాత్రమేనని తర్వాత తెలిసింది.

చీమల్ని ఊది, రెక్కని కళ్ళద్దాల డబ్బాలో పెట్టాను. డబ్బా మూసిన చప్పుడుకి వెనక్కి చూస్తే వ్యాను ఆయన నిలబడి ఉన్నాడు.

"గట్టెక్కేశారు షావుకారు గారూ."

"అంటే?"

"ఆ రోజు గోడ మీద తడి ఎక్కడిదో నాకు తెలీదనుకున్నారా?"

"మరి ఆవిడకి చెప్పలేదే?"

"నేనెందుకు చెప్తానండీ? పురుగు మీది, మాట మీది." కాసేపు బీడీ కోసం జేబులు తడుముకుని, "నవ్వింది మాత్రం నేనే లెండి" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా గుణదల. ఆవిడ చర్చిలో మొదటి పూజ నుంచి అప్పుడే వచ్చి ఉంది, కొంగు తల మీదే ఉంది. డబ్బా తెరిచి వరండాలో బల్ల మీద పెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క బల్ల ఎత్తులో కనబడేలా తల వంచి చూసింది. తర్వాత లోపలికి పరిగెత్తి పుస్తకం, ఫోను, స్కేలు అన్నీ తెచ్చింది. ఫోటోలు తీసింది. రాస్తూ పైకి చదివింది: "శ్రావణంలో బాబాయి గారు చూసిన చోటే, అదే గోడ కింద, రెక్క దొరికింది."

అలా వదిలేస్తే అయిపోయేది. నా ఉపాయం ఫలించినట్టే. కానీ ఆవిడ తల ఎత్తి, కళ్ళు తుడుచుకుని, "మీ మాటకి పూచీ పడ్డాక రోజూ భయమేసేదండీ. అనుమానం కాదు, ఊరికే భయం. ఇవాళ దేవుడు నా పరువు నిలబెట్టాడు" అంది.

నేను లేచి నిలబడ్డాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. మళ్ళీ వచ్చాను.

"అమ్మా, ఆ రోజు నేను పురుగుని చూడలేదు."

"ఏ రోజండీ?"

"శ్రావణంలో. గోడ వెనక. ఒంటేలుకి వెళ్ళాను. ఆలస్యమైంది. వీళ్ళు నవ్వారు. నోటికొచ్చింది చెప్పేశాను. నువ్వు చూపించిన బొమ్మే చెప్పాను."

కోప్పడుతుందనుకున్నాను. పెన్ను మూత పెట్టింది. "నేను కూడా నవ్వానండీ ఆ రోజు" అంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "ఇంకెన్ని?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టనేలేదు. రెండు నెలలు తిరిగిన మనిషికి అది ఒక్కటీ తట్టలేదు.

"ఇంకేం లేవమ్మా. అదొక్కటే."

ఆవిడ పుస్తకాన్ని నా పేరు మొదలైన పేజీకి తిప్పింది. "కంటితో" గడిలో ముప్ఫై ఒకటి. ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి అడిగింది. ఇది? చూశాను. ఇది? చూశానమ్మా, బస్టాండులో, ఏడో నంబరు ప్లాట్‌ఫారం స్తంభం మీద. ఇది? ఇది కొంచెం చిన్నది, నేను పెద్దదని చెప్పాను, కానీ చూశాను. పది దాటేసరికి నా గొంతు నాకే వినబడడం మొదలైంది. పిస్తా రంగు చెప్పిన గొంతూ ఇదే. అప్పుడూ ఇలాగే, తడుముకోకుండా, చోటుతో సహా చెప్పాను. నిజం చెప్పడానికి నా దగ్గర వేరే గొంతు లేదు.

ఆవిడ వేలు ఆగింది. "మీరిప్పుడు చెప్పేవి నిజమేనని నాకు తెలుసండీ. కానీ వాళ్ళకి ఏమని రాయను? ఒక్కటి తప్ప మిగతావి నమ్మండి అని రాయనా?"

స్కేలు తీసుకుంది. ఆ గడి పై నుంచి కింది దాకా ఒకే గీత. గీత మొదలెట్టబోయే చోట, మొట్టమొదటి పేరు పుర్రె చిమ్మటది.

"అదొక్కటీ ఉంచమ్మా" అన్నాను. "అది నా చేతిలో అరిచింది. గుమాస్తా కూడా విన్నాడు."

ఆవిడ నా చెయ్యి వైపు చూసింది, కొట్టులో ఆ రోజు చూసినట్టే. "ఫోటో ఉందా బాబాయి గారూ?"

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. గీత గీసేసింది.

ఆ రాత్రే పత్రిక వాళ్ళకి రాసిందట, తన పూచీ వెనక్కి తీసుకుంటున్నానని, కారణం కూడా. వాళ్ళు జాబితా మొత్తం మళ్ళీ పరీక్షించారు. ప్రతి ఫోటో అడిగారు. ఆలస్యమైంది. ఆ నెలల్లో ఆవిడ మొహంలోకి చూడలేక, వ్యానులో వెనక కొత్తిమీర కట్టల పక్కన కూర్చునేవాణ్ణి. చలికాలం చివర్లో అచ్చయింది. ముందుమాటలో నా పేరా లేదు. మూన్‌మాత్ మాత్రం ఉంది. ఆధారం అన్న చోట "రెక్క ఒకటి" అని రాసి ఉంది. దాన్ని తెచ్చినవాళ్ళ పేర్లలో నాదీ, వ్యాను ఆయనదీ. కాపీ నాకు తనే తెచ్చి ఇచ్చింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను కబుర్లలో పడి, "మొన్న మా వీధిలో ఎంత వాన పడిందంటే" అని మొదలెట్టగానే లెక్చరరమ్మ అంది: "ఫోటో?" ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

ఇప్పుడు నువ్వుల పంట కాలం. మైలవరం అవతల చేలల్లో తెల్లగా పూత. నా చెయ్యి ఫోటోకి పనికిరాదు. కానీ ఆ పురుగు అరుస్తుంది. చెయ్యి ఎంత వణికినా శబ్దానికి ఏం నష్టం? ఈ సంగతి తట్టడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. ఫోనులో ఎర్రబొత్తాం ఎక్కడ నొక్కాలో మా ఆవిడ నేర్పింది. సాయంత్రాలు చేల గట్ల మీద తిరుగుతున్నాను, ఫోను ముందుకు చాచి. ఇరవై రికార్డింగులు చేశాను. కాదు, తొమ్మిది. అన్నీ లెక్చరరమ్మకి పంపాను. ఓపిగ్గా అన్నీ వింటుంది. "ఇది కప్పండీ." "ఇది నీళ్ళ మోటరు." "ఇది వ్యాను ఆయన దగ్గు." పుస్తకంలో కొత్త గడి గియ్యమని నేను అడగలేదు. ఆవిడా గియ్యలేదు.

నిన్నటి తొమ్మిదోదానికి మాత్రం వేరే జవాబు వచ్చింది. "పన్నెండో సెకను దగ్గర ఏదో కిచకిచమంది బాబాయి గారూ. మూడుసార్లు విన్నా. రేపు సాయంత్రం నేనూ వస్తా, అదే గట్టుకి వెళ్దాం."

రాత్రంతా నిద్ర లేదు. ఎందుకంటే జవాబు రాగానే నేనూ విన్నాను, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. కిచకిచమన్న మాట నిజమే. కానీ నిన్న నేను తొడుక్కున్నవి కొత్త చెప్పులు. గట్టు మీద తడి ఉంది. ఎడమ చెప్పు అలా అరుస్తుంది. ఇప్పుడే హాల్లో నాలుగడుగులు వేసి చూశాను. అరిచింది. మళ్ళీ వేసి చూశాను. ఈసారి అరవలేదు. ఏమీ తేలడం లేదు.

కింద హారన్ మోగుతోంది. ముందు సీట్లో ఆవిడ కూర్చుని ఉంటుంది. పాత చెప్పులు వేసుకున్నాను. కొత్తవి సంచీలో పెట్టుకున్నాను, చూపించడానికి. వ్యాను ఎక్కగానే చెప్పేస్తాను.

ఎక్కగానే అంటే మరీ ఎక్కగానే కాదు. ఇబ్రహీంపట్నం దాటేలోపు.